కుటుంబ ఆరోగ్యము: కాలెండరు మీద ఎర్ర చుక్కలు



ఈ నెల మనము మాట్లాడుకొనబోవు సంగతి మగవారు సాధారణముగా నోరు విప్పని సంగతి. గజపతినగరమునకు కొద్ది దూరములోనున్న ఒక పల్లెలో మా సంఘస్థుడైన సహోదరుడొకరున్నారు. వయస్సు యాభై దాటింది. ఆయన అనుమతితోను, ఆయన భార్య అనుమతితోను ఇది వ్రాస్తున్నాము. పేరు వ్రాయము, ఊరు వ్రాయము. ఒకవేళ ఎవరైనా గుర్తుపట్టినా దయచేసి ఆ మాట తమ లోపలనే ఉంచుకొనవలెను.

1996లో ఈయనకు కుష్ఠు అని తేలింది. సాలూరులోని ఫిలదెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు మన ప్రాంతములో తెలియనివారు తక్కువ. అక్కడికే వెళ్ళారు. ఆ రోజులలో ఈ జబ్బు ముదిరిన వారికి రెండు సంవత్సరములు మాత్రలు ఇచ్చేవారు. 28 దినములకు ఒక అట్ట. ఒక దినపు మాత్ర మింగితే ఆ గూడు ఖాళీ అవుతుంది. అక్షరము రానివారికి కూడ ఏ దినము మింగినది, ఏ దినము మరచినది ఆ అట్టయే చెప్పేది. మూత్రము ఎర్రగా వస్తుందనియు, ఒళ్ళు నల్లబడుతుందనియు ముందే చెప్పి పంపేవారు గనుక ఎవరూ బెదిరి మందు మానలేదు. ఈయన రెండేళ్ళూ మానకుండ మ్రింగి స్వస్థత పొందారు. తరువాత పెండ్లి జరిగింది, ఒక కుమార్తె పుట్టింది.

అయితే కుష్ఠు క్రిమి శరీరములో చల్లగా నుండు భాగములను ఇష్టపడుతుంది. చర్మము, ముక్కు, చెవి తమ్మెలు మాత్రమే కాదు, మగవారి వృషణములు కూడ అటువంటివే. జబ్బు పోయినా అది చేసిన నష్టము కొందరిలో మిగిలిపోతుంది. సంవత్సరములు గడిచేకొలది ఈయనకు గడ్డము పలుచబడింది, రొమ్ము భాగము కొంచెము ఉబ్బింది, పొలములో గంట పని చేస్తే కూర్చుండిపోయేవారు. వయస్సు మీద పడిందని అందరమూ అనుకున్నాము. ఒక వానకాలము గట్టు మీద జారి చేయి ఆనించారు. అంతమాత్రమునకే మణికట్టు విరిగింది. ఆ చిన్న పాటుకు అంత ఎముక ఎందుకు విరిగిందని విశాఖపట్నములోని ఒక డాక్టరుగారికి అనుమానము కలిగి, పాత జబ్బు సంగతి అడిగి, హార్మోను పరీక్ష వ్రాశారు.

ఆ హార్మోను పేరు టెస్టోస్టెరోను. గడ్డము, మీసము, గొంతు, కండ, ఎముక బలము, రక్తము పట్టుట, మగవాని కోరిక, వీటన్నిటి వెనుక అదే ఉన్నది. 1935లో ఆమ్‌స్టర్‌డాములో ఎర్నెస్ట్ లాకర్ అను శాస్త్రజ్ఞుని బృందము దానిని ఎద్దుల వృషణములలోనుండి విడదీసి ఆ పేరు పెట్టినది. సుమారు నూరు కిలోలనుండి వచ్చినది 10 మిల్లీగ్రాములు. అదే సంవత్సరము బ్యూటెనాంట్, రుజిస్కా అను ఇద్దరు దానిని ప్రయోగశాలలోనే తయారుచేసే మార్గము కనుగొన్నారు. 1939 నోబెల్ బహుమానము వారిద్దరికీ వచ్చినది.

ఆ పరీక్ష ఎప్పుడు పడితే అప్పుడు చేసేది కాదు. ఉదయము పరగడుపున, అది కూడ వేరువేరు దినములలో రెండు సార్లు చేయవలెను. మధ్యాహ్నము అది సహజముగానే తగ్గుతుంది. ఇక్కడనుండి తెల్లవారేసరికి విశాఖ చేరలేము గనుక రెండు సార్లూ ముందు రాత్రి బంధువుల ఇంట పడుకొని వెళ్ళవలసి వచ్చినది. రెండింటిలోను చాల తక్కువగా ఉన్నది. మూడు వారములకొకసారి 250 మిల్లీగ్రాముల నూనెమందు సూది వేయించుకొమ్మన్నారు.

మొదటి సూది తరువాత రెండు నెలలకు ఆయన ఆదివారము ఆరాధనకు ముందుగా వచ్చి బెంచీలు సర్దుట చూచి మేమెంతో సంతోషించాము. మరికొన్ని వారములకు ఆయన భార్య మా ఇంటికి వచ్చి గుమ్మములో నిలుచుండి అన్న మాట ఇది: "అయ్యగారూ, ఈ మనిషికి కోపం ఎక్కువైపోనాది. గిన్నె సప్పుడైతే తగువే. మీరైనా ఓపాలి సెప్పండి."

మేము చెప్పాము. ఆయనను పిలిపించి, కోపమును గూర్చి దాదాపు గంటసేపు బోధించాము. ప్రార్థన తగ్గినదేమో పరీక్షించుకొమ్మన్నాము. ఆయన తల వంచుకొని విన్నారు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సూది సంగతి మాకు తెలుసు. అయినను ఆ రెండింటికి సంబంధము ఉండవచ్చునని మాకు తట్టనేలేదు. ఆ గంటను తలచుకొన్నప్పుడెల్ల ఈనాటికీ సిగ్గుపడుతున్నాము.

ఆ సంబంధమును కనిపెట్టినది మేము కాదు, డాక్టరుగారు కూడ కాదు. చదువురాని ఆయన భార్య. సంఘము తరపున క్రిస్మస్‌కు ఇంటింటికి పంచిన గోడ కాలెండరు వారి వంటింటి తలుపు ప్రక్కన వ్రేలాడుతున్నది. పాలవాని లెక్క ఆమె దాని మీదనే వేసేది. సూది వేయించిన దినమున ఎర్ర చుక్క పెట్టమని కుమార్తె చెప్పినది, తరువాతి సూది తేదీ మరువకుండుటకు. ఎర్ర చుక్క ప్రక్కన ఆమె తన సొంత గుర్తులు కూడ పెట్టుట మొదలుపెట్టినది. తగువు పడిన దినమున నల్ల గీత. తలనొప్పి అన్న దినమున సున్న. రాత్రి గురక విని తనకు నిద్ర పట్టకపోతే రెండు సున్నలు. పొలమునకు వెళ్ళలేక పడుకొన్న దినమున ఇంటూ గుర్తు.

మూడు నెలల పరీక్షకు వెళ్ళునప్పుడు మేము తోడు వెళ్ళాము. ఆమె కాలెండరును చుట్టి సంచిలో పెట్టుకొని వచ్చినది. డాక్టరుగారు మొదట నవ్వారు. తరువాత బల్ల మీద పరచి చాలసేపు చూచారు. నల్ల గీతలు ప్రతి ఎర్ర చుక్క తరువాత మొదటి వారములో గుంపుగా ఉన్నవి. ఇంటూ గుర్తులు మూడవ వారములో, తరువాతి చుక్కకు ముందు ఉన్నవి. నడుమ వారము దాదాపు ఖాళీ. డాక్టరుగారు మాకు వివరించినదేమనగా, ఈ నూనెమందు వేసిన కొద్ది దినములకు రక్తములో హార్మోను కొండ ఎక్కినట్లు ఎక్కి, తరువాత దిగిపోతుంది. ఎక్కినప్పుడు కొందరికి చిరాకు, దిగినప్పుడు నీరసము. ఆయన మోతాదు తగ్గించి, సూదికి సూదికి మధ్య ఎడము కూడ తగ్గించారు. ఆ తరువాతి పుటలలో నల్ల గీతలు చెదిరిపోయినవి.

ఒక మాట ఇక్కడ చెప్పకుండ ముందుకు పోలేము. ఆ దినమే డాక్టరుగారు ఆయనవైపు తిరిగి, మందు చిరాకు పుట్టించవచ్చును గాని చేయి ఎత్తుట మందు పని కాదని ఖండితముగా చెప్పారు. ఆయన ఎన్నడును చేయి ఎత్తలేదు. అయినను ఆ మాట చెప్పవలసినదే. మేము చదివించుకొన్న వారమే గనుక కాలెండరును సాకుగా చేసికొను భర్తలు ఉండగలరని ఎరుగుదుము.

రెండవ సారి ఆ కాలెండరు చేసిన పని ఇంకను పెద్దది. ఆరు నెలల పరీక్ష సమయము వరికోతలలో పడినది. తరువాత చూద్దామని ఆయన వాయిదా వేశారు. ఒంట్లో బలముగా ఉన్నది, ముఖము ఎర్రగా నిగనిగలాడుతున్నది, పరీక్ష ఎందుకన్నారు. గోడ మీద మాత్రము సున్నలు పెరుగుచున్నవి. నెలకు మూడు నాలుగు ఉండేవి పదకొండు అయినవి. రెండు సున్నల రాత్రులు వారమునకు నాలుగు. కుమార్తె లెక్కపెట్టి మాకు ఫోను చేసినది. బలవంతముగా బస్సెక్కించాము. రక్తపరీక్ష కాగితములో పి.సి.వి. అని ఒక వరుస ఉంటుంది, చూడండి. రక్తములో ఎర్రకణములు నూటికి ఎంత వాటా ఆక్రమించినవో అది చెబుతుంది. సూది మొదలు పెట్టకముందు ఈయనకు 41. మూడు నెలలకు 49. ఆ దినమున 55.

టెస్టోస్టెరోను ఎర్రకణములను పెంచుతుంది. రక్తహీనుడైన మగవానికి అది మేలు. గాని 54 దాటితే రక్తము చిక్కబడినట్లే, గడ్డకట్టి ప్రమాదము తెచ్చునను భయముతో, అది దిగువరకు మందు ఆపవలెనని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2018లో ఇచ్చిన సూచనలలో కూడ ఉన్నది. ముఖము ఎర్రబడుట ఆరోగ్యము కాదు, చిక్కటి రక్తము. గురక కూడ ఊరకే కాదు. నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చు జబ్బును ఈ మందు ఎక్కువ చేయవచ్చును, ఆ జబ్బు తిరిగి రక్తమును ఇంకా చిక్కన చేస్తుంది. సూది ఆపారు. కొన్ని నెలలకు 47కు దిగిన తరువాత తక్కువ మోతాదుతో మరల మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక పాత కథ జ్ఞాపకము వస్తున్నది. 1889లో పారిస్ నగరములో బ్రౌన్ సెకార్ అను పేరుపొందిన వైద్యశాస్త్రజ్ఞుడు, 72 ఏండ్ల వృద్ధుడు, కుక్కల, గినీ పందుల వృషణములనుండి తీసిన రసమును తనకు తానే సూది వేసికొన్నాడు. ఆయన కూడ లెక్క వ్రాశాడు. మెట్లు పరుగెత్తి ఎక్కగలుగుచున్నాననియు, చేతి బలము యంత్రముతో కొలిస్తే పెరిగినదనియు, చివరకు మూత్రము ఎంత దూరము పడుచున్నదో కూడ కొలిచి పండితుల సభలో చదివాడు. లోకమంతయు ఆ మందు కొరకు ఎగబడినది. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసము తీసి పరీక్షించగా, అందులో ఉన్న హార్మోను ఏ మార్పూ కలిగించలేనంత కొద్దియని తేలినది. ఆ పెద్దమనిషి అబద్ధమాడలేదు. బలము రావలెనని కోరుకొన్నాడు, బలమే కనబడినది, బలమే వ్రాశాడు.

మన సహోదరుడే గనుక పుస్తకము వ్రాసియుంటే ముఖము నిగనిగలాడుట మేలు క్రింద వ్రాసియుండేవారు. కాలెండరు భార్య చేతిలో ఉండుట చేతనే గురక దానిలోకి ఎక్కినది. తన గురక తాను వినువాడెవడు? కాబట్టి మా అభిప్రాయము ఇది: ఈ లెక్క మందు వేసికొనువాడు ఒక్కడే ఉంచుకొనరాదు. ఇంటిలో ఇంకొకరి కన్ను దాని మీద ఉండవలెను, దానితో పాటు రక్తపరీక్ష కాగితములు ఉండవలెను. సూది మొదలు పెట్టిన మూడు నుండి ఆరు నెలల మధ్య ఒకసారి, సంవత్సరమునకు ఒకసారి, తరువాత ఏటేటా రక్తము చూపించుకొనవలెను. వయస్సు మీరిన వారికి ప్రోస్టేటు గ్రంథికి చేయు పి.ఎస్.ఏ. పరీక్ష కూడ డాక్టరుగారు వ్రాస్తారు.

ఏమి వ్రాయవలెనని అడుగువారికి మేము ఆ ఇంట చూచినదానినిబట్టి, డాక్టరుగారు చెప్పినదానినిబట్టి చెప్పుచున్నాము. అన్నిటికంటె ముఖ్యము, మొదటి సూదికి ముందు ఒక వారము వ్రాయుట. ఆ వారము నిద్ర ఎట్లున్నది, కోపము ఎట్లున్నది, రాత్రి మూత్రమునకు ఎన్నిసార్లు లేచినది, బరువెంత, బి.పి. ఎంత. ఈ ముందు వారము లేకుంటే పాత నొప్పులన్నియు క్రొత్త మందు నెత్తిన పడతాయి, లేదా క్రొత్త నొప్పులు వయస్సు నెత్తిన పడతాయి. మన సహోదరుని కాలెండరులో కూడ ఈ ముందు వారము లేదు, అదియే దాని లోటు. తరువాత సూది తేదీ, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తుంటికి వేసినది. డబ్బా మీద బ్యాచి నెంబరు ఉన్న ముక్కను కత్తిరించి అంటించితే మరీ మంచిది. మొటిమలు, చీలమండల వాపు, రొమ్ము సలుపు, మూత్రము సన్నగిల్లుట, గురక, తలనొప్పి, చిరాకు, ఇవి కనబడిన దినముననే గుర్తు పెట్టవలెను. వారము చివర జ్ఞాపకము చేసికొని వ్రాసినది సగము ఊహయే. ఆ దినములలో మ్రింగిన ఇతర మాత్రలు, లేహ్యములు, త్రాగినది కూడ దాచకుండ వ్రాయవలెను. కల్లు త్రాగిన రాత్రి గురకకు మందు మీద నింద మోపరాదు గదా.

గుండె సంగతి చాలమంది అడుగుచున్నారు. 45 నుండి 80 ఏండ్ల మధ్యనున్న, గుండెజబ్బు ఉన్న లేక వచ్చు ప్రమాదమున్న అయిదు వేలకు పైగా మగవారి మీద జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2023లో వచ్చినవి. ఉత్తుత్తి మందు పూసికొన్నవారికంటె హార్మోను జెల్ పూసికొన్నవారిలో గుండెపోటు, పక్షవాతము ఎక్కువ కాలేదు. అది ఊరట. అయితే గుండె లయ తప్పుట, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ, మూత్రపిండములు దెబ్బతినుట కొంత ఎక్కువగా కనబడినవి. కాబట్టి ఛాతీ నొప్పి, ఆయాసము, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టుట, మూతి వంకర పోవుట వంటివి వస్తే కాలెండరు వెదకుచు కూర్చొనక 108కి ఫోను చేయవలెను.

జెల్ వాడువారికి ఇంకొక జాగ్రత్త. పూసిన చోటు ఆరక ముందు పిల్లలను ఎత్తుకొంటే అది వారికి అంటుకొంటుంది. చిన్నపిల్లలలో వయస్సు రాకముందే పెద్దరికపు గుర్తులు కనబడుట చూచి 2009లో అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ డబ్బాల మీద గట్టి హెచ్చరిక వేయించినది. చేతులు కడుగుకొని, పూసిన చోటు బట్టతో కప్పుకొనవలెను.

ఇప్పుడు యౌవనస్థుల మాట. మాకు తెలిసిన ఒక యింట పెండ్లయి నాలుగేండ్లయినా పిల్లలు లేరు. కోడలిని గొడ్రాలని అత్తగారు సంఘములోనే అన్నది. ఆ కుర్రవాడు నీరసమని, మగతనము తక్కువని ఒక సూదిమందు వైద్యునివద్ద నెలనెలా బలము సూది వేయించుకొనేవాడు. ఆ సూది ఏమిటో ఎవరూ అడుగలేదు. కోడలు మాత్రము ఖాళీ డబ్బాలు పారవేయక గాజుల పెట్టెలో దాచినది, ఎందుకో ఆమెకే తెలియదు. సంతానము కొరకు చూపించుకొనుటకు వెళ్ళిన చోట డాక్టరమ్మగారు ఆ డబ్బాలు చూచి తల పట్టుకొన్నారు. అది టెస్టోస్టెరోనే. బయటనుండి ఆ హార్మోను వచ్చునప్పుడు, ఇక చాలునని తలలోని గ్రంథి వృషణములకు పంపు ఆజ్ఞను ఆపివేస్తుంది. వీర్యకణములు తగ్గి, కొందరిలో పూర్తిగా లేకుండ పోతాయి. బలము కొరకు వేసికొన్న సూదియే తండ్రి కాకుండ చేసినది. మానిన తరువాత చాలమందిలో కణములు తిరిగి వస్తాయి గాని నెలలు పడుతుంది, కొందరికి సంవత్సరము దాటుతుంది. కాబట్టి పిల్లలు కావలెనని కోరువారు ఈ మందును ఆశ్రయించరాదు, వారికి వేరే చికిత్సలున్నవి. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందు ఇది. ఆ చీటీ అడుగుట మన హక్కు. ఆ అత్తగారు కోడలిని క్షమాపణ అడిగినదా అని మీరు అడుగుతారు. ఇంకను అడుగలేదు. మేము ఆమెతో మాట్లాడుచునే ఉన్నాము.

మందువలన కీడు కలిగినదని అనుమానము వచ్చినప్పుడు చెప్పుకొనుటకు ప్రభుత్వ ఏర్పాటు ఒకటి ఉన్నది. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమము అది. ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని చూస్తున్నది. 1800-180-3024 అను ఉచిత నెంబరుకు డాక్టర్లే కాదు, రోగి గాని, రోగి ఇంటివారు గాని చెప్పవచ్చును. వారు అడుగు ప్రశ్నలు ఏ మందు, ఏ తేదీన మొదలుపెట్టినది, కీడు ఏ తేదీన కనబడినది అనునవే. గోడ మీద గుర్తులున్నవారు వెంటనే జవాబు చెప్పగలరు.

మన సహోదరుని ఇంటికి పోయిన నెల వెళ్ళాము. క్రొత్త కాలెండరు, అదే తలుపు ప్రక్కన. పి.సి.వి. 46. ఇప్పుడు ఎర్ర చుక్క ఆయనే పెట్టుకొంటున్నారు, మిగిలిన గుర్తులు ఆమెవే. మేము టీ త్రాగుచుండగా ఆమె మంగళవారము గడిలో నల్ల గీత వేయుచున్నది. ఆ దినము తగువే పడలేదని ఆయన అన్నారు. పడినాదని ఆమె. లేదని ఆయన, ఈసారి కొంచెము గట్టిగా. ఆమె మాట్లాడక ప్రక్కకు జరిగి, ఆ దినపు గడిలో కూడ ఒక గీత వేసినది.